సంగీత్‌కు దొరికిన చోటు కన్నతల్లికి ఎందుకు దొరకలేదు?

ఈ మధ్య మా పిన్ని కూతురి పెళ్ళి జరిగింది. మెహందీ, హల్దీ, సంగీత్ అన్నీ పెట్టారు. సంగీత్ కోసం డాన్స్ మాస్టారు ఇంటికే వచ్చి నేర్పించాడు. డెబ్భై దాటిన మా మేనమామ కూడా స్టేజీ ఎక్కాడు. చాలా ఏళ్ళ తర్వాత మా ఇంటివాళ్ళందరినీ ఒక్కచోట అంత సంతోషంగా చూశాను. మర్నాడు ముహూర్తానికి పెళ్ళికూతురి పెదనాన్న, పెద్దమ్మ పీటల మీద కూర్చుని, వరుడి కాళ్ళు కడిగి కన్యాదానం చేశారు. మా పిన్ని మండపం ఎక్కలేదు. కుర్చీల వరసల వెనక, వంటలవైపు వెళ్ళే దారి పక్కన నిలబడి చూసింది.

బాబాయి పోయి చాలా కాలమైంది. ఆ పిల్లను చదివించింది పిన్ని. ఈ సంబంధం వెతికింది పిన్ని. కల్యాణమండపానికి అడ్వాన్సు కట్టింది, పెళ్ళి ఖర్చుల కోసం పీఎఫ్ డబ్బు తీసింది కూడా ఆవిడే.

ముహూర్తానికి ముందే నేను అడిగాను, పిన్ని పీటల మీద కూర్చుంటే ఏమవుతుందని. నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "మన ఇంటా వంటా లేదమ్మా, ఇప్పుడెందుకు ఆ మాట" అంది. ఆ గొంతులో కోపం లేదు. పిన్ని మీద ఆవిడకు ప్రేమే ఉంది. అందుకే ఆ మాట నన్ను ఎక్కువగా పట్టుకుంది. చెడ్డవాళ్ళ నోట వచ్చి ఉంటే పోట్లాడి మరిచిపోయేదాన్ని.

ఇంటా వంటా లేనిది చేయకూడదంటే, అంతకు ముందు రోజు సంగీత్ ఎలా చేశాం? మా అమ్మ పెళ్ళిలో సంగీత్ లేదు. మా అమ్మమ్మ ఆ పేరే వినలేదు. ఉత్తరాది పెళ్ళిళ్ళలోంచి, సినిమాల్లోంచి వచ్చిన పద్ధతి పది పదిహేనేళ్ళలో మా పెళ్ళి పత్రికల్లో సొంత కార్డు వేసుకునేంత పెద్దదైంది. ఎవరూ అడ్డుచెప్పలేదు. నాకూ అభ్యంతరం లేదు, నచ్చింది కూడా. నేను చెప్పదలచుకున్నది ఒకటే: మన ఆచారాలు గట్టిపడిపోయాయని మనం అనుకునేది పూర్తిగా నిజం కాదు. సరదా కోసం, హోదా కోసం, సౌకర్యం కోసం అవి తేలిగ్గానే వంగుతున్నాయి. ఒక మనిషికి గౌరవం ఇవ్వాల్సి వచ్చినప్పుడే బిగుసుకుపోతున్నాయి.

మారనిది ఏది?

పూర్వం ఐదు రోజుల పెళ్ళి చేసేవారు. అది మూడు రోజులకు, తర్వాత ఒక రాత్రికి వచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనాలకల్లా హాలు ఖాళీ చేసి ఇచ్చేస్తున్నాం. సెలవులు దొరకవు, ఖర్చు భరించలేం అన్న కారణాలతో క్రతువులో ఎంతో భాగాన్ని కుదించుకున్నాం. దానివల్ల పెళ్ళి పెళ్ళి కాకుండా పోయిందని ఎవరూ అనలేదు.

పెళ్ళి వయసు సంగతి చూడండి. శారదా చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు, మగపిల్లవాడికి పద్దెనిమిదేళ్ళు నిండాలంది. అది అమల్లోకి రాకముందే హడావిడిగా పసిపిల్లలకు ముహూర్తాలు పెట్టి పెళ్ళిళ్ళు చేసేశారు. రజస్వలకు ముందే పెళ్ళి చేయకపోతే తల్లిదండ్రులకు పాపమని మనస్ఫూర్తిగా నమ్మినవాళ్ళు వాళ్ళు. ఆ నమ్మకం ముందు సంగీత్, మెహందీ ఎంత? అంత బలమైన నమ్మకం రెండు మూడు తరాల్లో ఎంతగా కరిగిపోయిందంటే, ఈ రోజు మా కుటుంబంలో ఎవరైనా పన్నెండేళ్ళ పిల్లకు సంబంధం చూస్తానంటే ఇంట్లోవాళ్ళే పోలీసులకు ఫోన్ చేస్తారు.

అంతకన్నా విచిత్రమైనది డబ్బు వ్యవహారం. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' ముందుమాటలో గురజాడ కొన్ని లెక్కలు ఇచ్చారు. విజయనగరం మహారాజా విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయిస్తే, 1,034 తేలాయట. వాటిలో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆడపిల్ల తండ్రి డబ్బు పుచ్చుకోవడమే అప్పుడు ఆ ఇళ్ళలో మామూలు. ఆ తర్వాత అవే జిల్లాల్లో, అవే ఇళ్ళలో డబ్బు ఎదురు దిక్కుకు తిరిగింది. ఆడపిల్ల తండ్రి కట్నం ఇచ్చుకోవడం మామూలైంది. 1961లో చట్టం నిషేధించినా ఆగలేదు. "ఎంతోకొంత ఇచ్చుకోవడం మన పద్ధతి కదా" అని ఇప్పుడు అంటున్నవాళ్ళ ముత్తాతలు, ఎంతోకొంత పుచ్చుకోవడం మన పద్ధతి అని ఉంటారు. మార్పు అంటే ఎప్పుడూ మంచివైపే నడుస్తుందని నేను అనడం లేదు. ఇది ఒక చెడు నుంచి ఇంకో చెడుకు జరిగిన మార్పు. కానీ మారింది.

వితంతువుల విషయంలోనూ అంతే. మా అమ్మమ్మ తరంవాళ్ళకు గుండు చేయించుకుని, తెల్లచీర ముసుగు కప్పుకుని, ఒంటిపూట తిని ఉన్న ముసలమ్మలు తెలుసు. అవన్నీ శాస్త్రమనే చెప్పారు వాళ్ళకు. ఇవాళ వాటిని సమర్థించే మనిషి మా చుట్టాల్లో ఒక్కరు లేరు. మా పిన్ని రంగు చీరలు కడుతుంది, ఉద్యోగం చేసింది, ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్తుంది. బొట్టు కూడా చిన్నది పెట్టుకుంటుంది. ఇన్ని వదిలేసినవాళ్ళం, పీట మీద కూర్చోకూడదన్న ఒక్కదాన్ని మాత్రం పట్టుకుని, అదే సంప్రదాయం అంటున్నాం.

శాస్త్రం వద్దన్నది చేశాం, ఒప్పుకున్నది చేయలేదు

"శాస్త్రం ఒప్పుకోదు" అని ఎవరైనా అంటే ఏం చెప్పాలా అని కొంత చదివాను. యాజ్ఞవల్క్య స్మృతిలో కన్యను ఎవరు ఇవ్వవచ్చో వరసగా చెప్పారు. తండ్రి, తాత, సోదరుడు, వంశంలోనివాడు, ఆ తర్వాత తల్లి. ముందువాళ్ళు లేకపోతే తర్వాతివాళ్ళు. తల్లి చివర ఉంది, నిజమే. అయినా ఉంది. తండ్రి లేనప్పుడు తల్లి ఇవ్వవచ్చంటే, ఆ తల్లి ఎలాంటి స్థితిలో ఉన్న ఆడమనిషో వేరే చెప్పక్కర్లేదు. భర్త పోయిన స్త్రీ చెయ్యి తగిలితే కీడని ఆ రాసినాయన అనుకుని ఉంటే ఆవిడను ఆ వరసలో చేర్చేవాడే కాదు.

చట్టం సంగతికొస్తే, హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ఇరుపక్షాలలో ఎవరి ఆచారం ప్రకారమైనా పెళ్ళి చేసుకోవచ్చంటుంది. సప్తపది ఉన్న పద్ధతుల్లో ఏడో అడుగుతో వివాహం పూర్తయినట్టు. కన్యాదానం ప్రస్తావనే అందులో లేదు. 2024లో అలహాబాద్ హైకోర్టు కూడా ఆ సెక్షన్ కింద హిందూ వివాహానికి కన్యాదానం తప్పనిసరి కాదని చెప్పింది.

ఇక మేనరికం. మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకోవడం దక్షిణాదివాళ్ళ ఆచారమని బౌధాయన ధర్మసూత్రం ప్రత్యేకంగా పేర్కొంది. ఉత్తరాదివాళ్ళ ఆచారాలు కొన్ని, దక్షిణాదివాళ్ళవి కొన్ని చెప్పి, ఎవరి దేశంలో వారిది చెల్లుతుందన్న వాదనను ప్రస్తావించి, చివరికి ఆ వాదనను ఆమోదించలేదు. ఆయన ఆమోదించకపోయినా మనం మానలేదు. వరసైన మరదలిని చేసుకోవడం మనకు అంత సహజం. ఉత్తరాదిలో చాలాచోట్ల ఆ పిల్ల చెల్లెలితో సమానం, ఆ మాటకే చెవులు మూసుకుంటారు. హిందూ వివాహ చట్టం కూడా ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. తర్వాత పిల్లల ఆరోగ్యం గురించి డాక్టర్లు చెప్పడం మొదలుపెట్టాక మా ఇళ్ళలో మేనరికాలు బాగా తగ్గిపోయాయి. అంటే ధర్మసూత్రం కాదన్నా ఆపనిదాన్ని డాక్టరు మాటతో తగ్గించుకున్నాం. స్మృతి ఒప్పుకున్న తల్లి కన్యాదానాన్ని మాత్రం శాస్త్రం పేరుతో ఆపుతున్నాం.

ఇలా రాశానని స్మృతులలో ఉంది కాబట్టే చేయాలన్నది నా వాదన కాదు. ఆ శ్లోకం లేకపోయినా పిన్ని పీట మీద కూర్చోవాలనే అనేదాన్ని. అదే స్మృతుల్లో నేను ఒప్పుకోలేనివి చాలా ఉన్నాయి. శాస్త్రాన్ని అడ్డం పెట్టుకునేవాళ్ళు ఆ శాస్త్రాన్నైనా తెరిచి చూడాలని మాత్రం అడుగుతున్నాను.

ఒక అభ్యంతరం న్యాయమైనదే. క్రతువుకు దంపతులు కావాలి, అందుకే భార్య పోయిన తండ్రి కూడా అన్నదమ్ముల జంటను కూర్చోబెడతాడు, ఇందులో ఆడవాళ్ళను తక్కువ చేయడం ఏముంది అని మా అన్నయ్య అడిగాడు. సరే, జంట కావాలనే అనుకుందాం. కానీ భార్య పోయిన ఆ తండ్రి మండపం మీదే తిరుగుతాడు, వియ్యంకుడిని కౌగిలించుకుంటాడు, అందరికంటే ముందు అక్షింతలు వేస్తాడు. ఆయన ఎదురొస్తే శకునం బాగాలేదని ఎవరూ వెనక్కి తిరగరు. పసుపు దంచేటప్పుడు, పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు, తలంబ్రాల బియ్యం కలిపేటప్పుడు ముత్తైదువలనే పిలుస్తూ కన్నతల్లిని గది బయట ఉంచడానికి జంట నియమం సరిపోదు. అక్కడున్నది కీడు జరుగుతుందన్న భయం. అది ఆడవాళ్ళ మీద మాత్రమే పెట్టిన భయం.

అందరికీ ఇష్టమే, కానీ

పెళ్ళయ్యాక నేను ఒక్కొక్కరినీ విడిగా అడిగాను. గొడవ కోసం కాదు, అర్థం చేసుకుందామని. కన్యాదానం చేసిన పెదనాన్న చెమ్మగిల్లిన కళ్ళతో, "మీ పిన్ని కూర్చుని ఉంటే నాకంటే సంతోషించేవాడు లేడమ్మా. నేనుగా ఆ మాటంటే బాధ్యత తప్పించుకుంటున్నానని అనుకుంటారని ఊరుకున్నాను" అన్నాడు. పెళ్ళికొడుకు తల్లి, "మేం అభ్యంతరం చెబుతామని మీరనుకున్నారా? మీవైపు పట్టింపులు ఉంటాయని మేం మాట్లాడలేదు" అంది. పురోహితుడు గారైతే, "ఇంటి పెద్దలు అందరూ ఒక మాట మీద ఉంటే నేను చేయిస్తానమ్మా. నా అంతట నేను చెబితే మాత్రం రేపు నన్నెవరూ పిలవరు" అన్నారు. చెల్లెలు, అంటే పెళ్ళికూతురు, ఈ మాట ఎత్తితే అమ్మ ఏడుస్తుందేమోనని ఎత్తలేదట.

విన్నకొద్దీ నాకు దిగులు పెరిగింది. ఆ మండపంలో ఆ నియమాన్ని మనస్ఫూర్తిగా నమ్మినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. తక్కినవాళ్ళంతా, పక్కవాళ్ళు నమ్ముతున్నారని నమ్మారు. పక్కవాళ్ళను అడగడం మర్యాద కాదనుకున్నారు. అందువల్ల ఎవరికీ ఇష్టం లేని పని అందరి సమ్మతితో జరిగిపోయింది. గట్టిపడిన నమ్మకం అంటే అందరి గుండెల్లో లోతుగా నాటుకున్నదని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. చాలా నమ్మకాలు అలా లేవేమో. లోపల ఎప్పుడో ఎండిపోయి ఉంటాయి, మొదట మాట్లాడితే ఆ నింద నా మీద పడుతుందన్న భయం ఒక్కటే వాటిని నిలబెడుతుంది.

నింద భయం చిన్నదేం కాదు, దాన్ని తేలిక చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు పడదు. రేపు ఆ కొత్త దంపతుల మధ్య చిన్న తగాదా వచ్చినా, గర్భం నిలవకపోయినా, కారుకు యాక్సిడెంట్ అయినా, "ఆ రోజే చెప్పాం" అనే నోరు ఒకటి ఉంటుంది. ఆ నోరు ఒక్కటే అయినా చాలు. కాపురాల్లో కష్టాలు ఎలాగూ వస్తాయి. నియమం పాటించిన పెళ్ళిళ్ళలో వచ్చిన కష్టాన్ని ఎవరూ నియమం ఖాతాలో వేయరు. తప్పిన పెళ్ళిలో వస్తే మాత్రం కారణం సిద్ధంగా ఉంటుంది.

"ఆవిడకే ఇష్టం లేదుగా"

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టిన మాట ఇది. నిజంగానే పిన్ని, "నాకు వద్దులే, నేను వెనక ఉంటేనే మనశ్శాంతి" అంది. ఆవిడే వద్దన్నప్పుడు నువ్వెవరు లాగడానికి? ఈ ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. బలవంతంగా వెనక నిలబెట్టడం తప్పయితే, బలవంతంగా ముందుకు తోయడం ఒప్పు ఎలా అవుతుంది? అరవై ఏళ్ళ మనిషిని నా ఆదర్శం కోసం వందల మంది ముందు నిలబెట్టి, ఆవిడ గుండె దడదడలాడుతుంటే చప్పట్లు కొట్టడం కూడా ఒకరకమైన పెత్తనమే.

కానీ ఆవిడతో నిదానంగా కూర్చుని మాట్లాడాక ఇంకోటి తెలిసింది. "నాకు నమ్మకం ఉందని కాదే. దానికేమైనా అయితే నా వల్లే అంటారు. వాళ్ళంటే సరే, నేనే అనుకుంటాను. ఆ మాట నేను మోయలేను" అంది. ఇష్టం లేకపోవడం, భయపడటం పైకి ఒకేలా ఉంటాయి. మొదటిదాన్ని గౌరవించాలి. రెండోదాన్ని గౌరవం పేరుతో అలా వదిలేస్తే, భయపెట్టినవాళ్ళకు సాయం చేసినట్టే. ఈ రెండిటినీ వేరు చేయాలంటే ముందు అడగాలి. అదీ పెళ్ళిరోజు కాదు. పీటలు వేసి, మంగళవాద్యం మొదలయ్యాక "రా పిన్నీ, నువ్వు కూర్చో" అంటే ఎవరైనా వద్దనే అంటారు. ముహూర్తాలు పెట్టుకునే రోజునే ఇంటి పెద్దలు పదిమందిలో, "నువ్వే చేయాలి, మాకందరికీ ఇష్టమే, ఎవరైనా ఏమైనా అంటే మేం చెప్పుకుంటాం" అనాలి. అప్పుడు కూడా ఆవిడ వద్దంటే అది ఆవిడ ఇష్టం, నేను నోరెత్తను.

ఇంకో మాట కూడా అన్నారు నాతో. ఇలా ఒక్కొక్కటీ ప్రశ్నిస్తూ పోతే చివరికి మన పెళ్ళి అనడానికి ఏం మిగులుతుంది? ఈ భయం నాకు అర్థమవుతుంది, కొంత నాలోనూ ఉంది. జీలకర్రా బెల్లం పెట్టే క్షణం, తెర దించగానే ఒకరినొకరు చూసుకోవడం, తలంబ్రాల అల్లరి, మేనమామ బుట్టలో పెళ్ళికూతుర్ని తేవడం నాకు ప్రాణం. అన్నీ మూఢత్వమని ఒక్క మాటతో కొట్టిపారేసేవాళ్ళ పక్కన నేను నిలబడలేను. ఆ చిన్నచూపు వల్లే చాలామంది ఇళ్ళలో తలుపులు ఇంకా బిగిశాయి. అయితే ఐదు రోజులు ఒక్క పూటైనా మన పెళ్ళి మన పెళ్ళిగానే మిగిలింది. తల్లి వచ్చి కూతురి పక్కన కూర్చుంటే పోయేంత బలహీనమైనదా అది?

చట్టం ఒక్కటే చాలదు, తెలివి ఒక్కటే చాలదు

వితంతు వివాహాన్ని చట్టం 1856లోనే ఒప్పుకుంది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం చేతుల మీదుగా మొదటి వితంతు వివాహం జరిగింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్ళు. చదువుకున్నవాళ్ళు లేకనా, చట్టం తెలియకనా? ఖర్చు మోయడానికి మనుషులు లేక. ఆ పెళ్ళి నిలబడటానికి కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు కావాల్సి వచ్చింది, పోలీసు బందోబస్తు కావాల్సి వచ్చింది. వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రాకపోతే వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే నీళ్ళు మోసి వండిపెట్టాల్సి వచ్చింది. వాదనలో గెలవడం వీరేశలింగానికి ఎప్పుడో అయిపోయింది. మిగిలిందంతా ఎవరు వెలి భరిస్తారు, ఎవరు వండుతారు అన్నదే.

ఆస్తిలోనూ అదే చూశాను. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. మనం ఇరవై ఏళ్ళు ముందున్నాం. అయినా మా చుట్టాల్లో ఎంతమంది అక్కచెల్లెళ్ళు పండక్కి పుట్టింటికి వచ్చి, పసుపు కుంకుమ, చీర తీసుకుని, హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టి వెళ్ళలేదు? అక్కడ కూడా వినిపించేది అదే మాట. ఆడపిల్ల వాటా అడగడం మన ఇంటా వంటా లేదు. పీట చిన్న విషయం, దాని గురించి ఇంత రాయాలా అని అడిగేవాళ్ళు ఉంటారు. పీట దగ్గర పలికిన మాటే పొలం దగ్గరా, శ్మశానం దగ్గరా పలుకుతుంది కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడ నాకు తేలినది ఇది. ఇలాంటి నియమాన్ని సడలించే పని దాని కింద నలుగుతున్న మనిషి మీద పెట్టకూడదు. ధైర్యం చెయ్యి, అడుగు, పోట్లాడు అని పిన్నికి చెప్పడం సులభం. పోగొట్టుకునేది ఎక్కువగా ఉన్నది ఆవిడకే. ఎవరికి ఆ నింద తగలదో వాళ్ళు ముందు మాట్లాడాలి. జంటగా ఉన్నవాళ్ళు, ఇంట్లో మాట చెల్లేవాళ్ళు, మగవాళ్ళు.

వచ్చే మాఘంలో మా అక్క కొడుకు పెళ్ళి. వాడి నాయనమ్మకు భర్త పోయి రెండేళ్ళయింది. అప్పటి నుంచి ఏ పెళ్ళికి పిలిచినా రిసెప్షన్‌కు వచ్చి భోజనం చేసి వెళ్ళిపోతోంది. పెళ్ళికొడుకును చేసేటప్పుడు మొదటి నలుగు ఆవిడే పెట్టాలని అక్కతో అన్నాను. అక్క నాలాగే ఆలోచించింది గానీ, కోడలిగా తాను చెబితే అత్తగారిని ఇరకాటంలో పెట్టినట్టు ఉంటుందంది. మా బావ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, లగ్నపత్రిక రాసుకునే రోజు తన పెదనాన్నలు, మేనత్తలు అందరూ ఉండగా తానే అడుగుతానన్నాడు. ఆవిడ ఒప్పుకుంటుందో లేదో తెలియదు. పురోహితుడికి మాత్రం ఈ ఆదివారమే ఫోన్ చేసి ముందుగా చెప్పి ఉంచుతానన్నాడు.